చెప్పులు విడిచే పేజీ

నా ఉద్యోగ జీవితంలో సగానికి పైగా పాత వెబ్‌సైట్లను విప్పి మళ్లీ కట్టడంలోనే గడిచింది. ఖాళీ స్థలంలో ఇల్లు కట్టే అదృష్టం నాకు తక్కువ. దాదాపు ప్రతిసారీ ఎవరో కాపురం ఉంటున్న ఇల్లే చేతికొచ్చేది. ఒక గోడ కొట్టబోతే లోపలినుంచి ఎవరో ఒకరు "అది ముట్టుకోవద్దు" అనేవారు. ఎందుకు ముట్టుకోకూడదో కనుక్కోవడమే ఈ పనిలో కష్టమైన భాగం. మిగిలినదంతా నేర్చుకుంటే వస్తుంది. నాకు అలాగే వచ్చింది.

కాలేజీ చదువు నాకు లేదు. రంగూన్‌లో, ఇప్పటి యాంగోన్‌లో, పబేడాన్ పేటలో మా మేనమామ బట్టల కొట్టులో లుంగీ గుడ్డలు కొలిచి చింపుతూ లెక్కలు వంటబట్టించుకున్నాను. తానులో ఎంత మిగులుతుందో, అంచుకి ఎంత పోతుందో చూపుతోనే చెప్పేవాణ్ణి. తరవాత క్యాలెండర్ల ప్రెస్సులో కాగితాన్ని కొలిచాను. ఆ తరవాత కంప్యూటరు తెరను కొలిచాను. మూడూ నాకు ఒకటే పనిలా కనిపించాయి. ఉన్న వెడల్పులో కావలసినవన్నీ పట్టించాలి, అంతే. వయసు మరీ మీద పడకుండానే, కళ్లు మొరాయిస్తున్నాయని ఈమధ్య నా వెబ్‌సైట్ల దుకాణం మూసేశాను. యాంగోన్‌లో ఈ పనిలోకి వస్తున్న మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. వాళ్లలో చాలామందికి తెలుగు చదవడం కంటే వినడం బాగా వచ్చు. ఇంట్లో ఎవరైనా చదివి వినిపించినా నాకు సంతోషమే.

ఎక్కడ తగిలిస్తారు?

నాకు పని నేర్పింది ప్రెస్సు యజమాని ఊ చో. మనం పేరు చివర గారు అన్నట్టు బర్మావాళ్లు పెద్ద వయసు మగవాళ్ల పేరు ముందు ఊ అంటారు. మనిషి పిసినారి. నోట్లో ఎప్పుడూ కిళ్లీ ఉండేది కాబట్టి ఆయన తిట్టేది సగమే అర్థమయ్యేది. అదొక వరం. క్యాలెండరు వేయించుకోవడానికి వచ్చినవాణ్ణి ఆయన ఏ రంగు కావాలని ఎన్నడూ అడగలేదు. "ఎక్కడ తగిలిస్తారు?" అని అడిగేవాడు. టీ దుకాణమైతే జనం చిన్న స్టూళ్ల మీద కూర్చుని తల ఎత్తి చూస్తారు, పొగ కూడా పడుతుంది, అంకెలు పెద్దవి కావాలి. బియ్యం కొట్టయితే గల్లాపెట్టె వెనక గోడ మీద వెలుతురు ఉండదు, రంగులు తేలిక చెయ్యాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం పని తేలిపోయేది.

ఒకసారి కాగితం కలిసొస్తుందని పైన సబ్బు ప్రకటన, కింద పగోడా బొమ్మ వచ్చేలా పేజీ కూర్చాను. లెక్క బ్రహ్మాండంగా కుదిరింది. ఊ చో వచ్చి చూశాడు. ఆ కాగితాన్ని గోడకి తగిలించి, నీకు కనిపించేదాకా అక్కడే నిలబడు అన్నాడు. నిలబడ్డాను. కాసేపటికి కనిపించింది. సబ్బుతో స్నానం చేస్తున్న అమ్మాయి రెండు కాళ్లూ సరిగ్గా పగోడా శిఖరం మీద ఆనుకుని ఉన్నాయి. నా మొహం చూసి ఆయన కిళ్లీ మింగేసేంతగా నవ్వాడు. ఈ దేశంలో ఏది దేనికి పైన ఉందో ముందు చూసుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను. కాగితం మీద అయితే నిజంగానే నేర్చుకున్నాను.

వెబ్‌సైటుకి ఇదే ప్రశ్న వేసుకుంటే జవాబు ఒక్కటే. అది మనిషి అరచేతిలో తగిలి ఉంటుంది. బోటాటౌంగ్ వెళ్లే బస్సులో, నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకున్నవాడి రెండో చేతిలో. కరెంటు పోయి, సిగ్నలు ఒక గీత మీద ఉన్నప్పుడు కూడా తెరుచుకోవాలి. కొత్తవాళ్లు జనరేటరు ఉన్న ఆఫీసులో పెద్ద తెర మీద చూపించి, చూసినవాళ్లు తల ఊపగానే పని అయిపోయిందనుకుంటారు. అది దర్జీవాడు చొక్కాను బొమ్మకి తొడిగి మురిసిపోవడం లాంటిది. ఈ మాట ఎంతమందికి చెప్పానో. చెప్పిన నేనే ఎలా బోల్తా పడ్డానో ఇప్పుడు రాస్తాను.

సింహాచలం గారి తండ్రి

దుకాణం మూసే ముందు నేను చేసిన చివరి పెద్ద పని ఒక చిత్రకారుడి వెబ్‌సైటు. ఆయన పేరు సింహాచలం. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడలో వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశారు. తండ్రీ అదే పని చేశాడు. ఈయన సైన్‌బోర్డులు రాయడంతో మొదలుపెట్టి బొమ్మల్లోకి వచ్చాడు. భార్య డా తాన్ యీ బర్మా ఆవిడ, బౌద్ధురాలు. పెద్ద వయసు ఆడవాళ్ల పేరు ముందు డా అనడం ఇక్కడి మర్యాద. నేను ఆయన్ని మావయ్య అనీ ఆవిడని అత్త అనీ పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. మన జనం తక్కువ ఉన్నచోట వరసలు అలా వాటంతటవే కలుస్తాయి.

మావయ్యకి చేతులు వణకడం మొదలై కుంచె పక్కన పెట్టాడు. వేసిన బొమ్మల్లో సగం ఎవరెవరి ఇళ్లకో వెళ్లిపోయాయి. అవన్నీ కలిసి కనిపించేది ఆ వెబ్‌సైటులోనే. దాన్ని కట్టిన కంపెనీ మూతపడబోతోంది. నెలాఖరుకి పాత సైటు మాయమైపోతుంది. ఆలోగా కొత్తది నిలబెట్టాలి. "నాకింక గోడంటే అదే బాబూ" అన్నాడాయన మొదటి రోజే.

పని మాటలన్నీ పబేడాన్‌లో టీ దుకాణంలో జరిగేవి. ఆయన చిమిండైంగ్‌లో తన ఇంటి నుంచి అంత దూరం రావడానికి కారణం నేను కాదు. ఇంట్లో అత్త తాగనివ్వని తీపి టీ అక్కడ దొరికేది. ఒక రోజు ఆయన తను వేసిన ఒక బొమ్మ ఫోటో నా ముందు పెట్టి, పేజీ తెరవగానే ఇదే కనిపించాలన్నాడు. ఓడకీ రేవుకీ మధ్య వేసిన బల్ల, దాని మీద రెండు ఉత్త పాదాలు, బల్ల కింద మట్టిరంగు నది. బరువుకి బల్ల వంగి ఉంది. మోకాళ్ల పైన బొమ్మ లేదు. అది వాళ్ల నాన్న.

మొహం ఎందుకు వెయ్యలేదని అడిగాను.

"మొకం మూట కింద ఉండీది గదా" అన్నాడు. "కేరేజీ అట్టుకెళ్లి రేవు కాడ నిలబడితే నాకు కనిపించీవి కాళ్లే. వరసలో అంతమంది నడిచొస్తంటే ఆ కాళ్లు సూసి మా అయ్యని గుర్తుపట్టీవోణ్ణి."

ఆ తరవాత వాదించే పని లేకపోయింది. చిక్కంతా రెండో వైపు నుంచి ఉంది. మావయ్య బొమ్మల్లో దాదాపు సగం పగోడాలు. ఉదయం ఎండలో, వానలో, దీపాల పండగలో. అవన్నీ అత్త కోసం వేసి అత్తకే ఇచ్చినవి. వాటి ఫోటోలు వాడుకోవడానికి ఒప్పుకుంటూ ఆవిడ ఒకే ఒక్క మాట అడిగింది. పగోడా మొదట రావాలని.

ఇద్దరి మాటా నిలబెట్టడానికి నేను లెక్క వేశాను. తెరను నిలువునా రెండుగా చీల్చి ఎడమ పాదాలు, కుడి పగోడా పెట్టాను. రెండూ ఒకే ఎత్తు. పై అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. ఎవరూ ఎవరికీ పైన లేరు. చాలా మురిసిపోయాను. ఫోనులోనూ తెరిచి చూశాను. బొమ్మలు స్పష్టంగా ఉన్నాయా, పేజీ బరువెంత, బర్మా అక్షరాలు రావాల్సిన చోట ఖాళీ గళ్లు పడుతున్నాయా అని చూశాను. అన్నీ బాగున్నాయి. అత్తకి పంపాను.

ఆవిడ దగ్గర నుంచి ఫోను వచ్చింది. అత్త తెలుగు వాళ్ల అత్తగారి దగ్గర నేర్చుకున్నది. అందుకే మా పిల్లల తెలుగు కంటే పాతకాలపుది.

"కో సూరీ, పయా నెత్తి మీద కాలెట్టినావు" అంది. పయా అంటే పగోడా. సూరి నా పేరు, కో అనేది మగవాళ్ల పేరు ముందు పెట్టే మర్యాద. నన్ను ఎప్పుడూ ఆప్యాయంగా పలకరించే మనిషి గొంతు అంత చల్లగా ఉండటం అదే మొదటిసారి.

పక్కపక్కనే ఉన్నాయి కదా అత్తా అనబోయి ఆగిపోయాను. తెర వెడల్పు చాలనప్పుడు ఎడమది పైకి, కుడిది కిందికి వెళ్లాలని నియమం రాసింది నేనే. ఫోనులో పాదాలు పైన, సరిగ్గా వాటి కింద బంగారు శిఖరం. ఊ చో గోడకి తగిలించిన సబ్బు కాగితమే మళ్లీ. ఆవిడ దాన్ని వీధిలో నలుగురికి చూపించాక గమనించిందట.

"మామ నాకూ పెద్దే. మోకాళ్లేసి దండం ఎట్టినదాన్నే. అయితే పయా మీద కాలు ఎవుళ్లదీ ఉండకూడదు. మా నాన్నదైనా సరే."

ఆవిడ అన్నది న్యాయం. మనకు తండ్రి పాదాలు కళ్లకద్దుకునేవి. వాళ్లకీ తండ్రి దైవంతో సమానమే గాని, ఒంట్లో తల పైది, కాలు కిందిది. కూర్చున్నప్పుడు ఎవరి వైపూ కాలు చాపని జనం. ఆ ఇంట్లో ఈ రెండు పద్ధతులూ ఇన్నేళ్లు కలిసి బతికాయి. వాటిని పోట్లాటకి దించింది నా ఒక్క నిలువు గీత.

తలకిందులు చేస్తే

వెంటనే పగోడాని పైకి, పాదాల్ని కిందికి మార్చాను. ఈసారి మావయ్య టీ దుకాణానికి వచ్చాడు. గ్లాసు ముందుంది గాని ముట్టుకోలేదు. టీ మీద మీగడ కట్టేసింది.

"అడుక్కి తోసీసినావు" అన్నాడు. "అక్కడిదాకా ఎవుడొస్తాడు?"

ఎవరూ రారు. పాత సైటు లెక్కలు నా దగ్గరే ఉన్నాయి. చాలామంది పేజీ పై భాగం చూసి వెళ్లిపోయేవారు. ఆయనకి ఆ లెక్కలు తెలియకుండానే తెలుసు. సైన్‌బోర్డులు రాసిన మనిషి కదా.

ఆ తరవాత నేను వేసిన వేషాలన్నీ రాస్తే మీకు నవ్వొస్తుంది. రెండు బొమ్మలూ ఒకదాని తరవాత ఒకటి మారుతూ ఉండేలా పెట్టాను. మొదట ఏది అన్న గొడవ అలాగే ఉంది. వేలితో పక్కకి జరిపి చూసేలా పెట్టాను. "పయాని వేలితో తోసెయ్యాలేటి?" అంది అత్త. ఐమూలగా పెట్టాను. అది నాకే నచ్చలేదు. కొలతతో తేలని పని ఉంటుందని నాకు అప్పటిదాకా నమ్మకం లేదు.

చివరికి అత్త కబురు పెట్టింది. తన పగోడాలన్నీ తీసెయ్యమంది. అది విని మావయ్య, అలాగైతే మా అయ్యనీ తీసెయ్యి, అసలు సైటే వద్దన్నాడు. నెలాఖరు దగ్గర పడింది. పాతది పోతుంది, కొత్తది లేదు. ఒక మనిషి జీవితకాలం వేసిన బొమ్మలకి చోటు లేకుండా పోతుంది. అలిగింది వాళ్లిద్దరే అయినా తప్పించుకునే దారి నాకూ లేదు. ఆదివారం చిమిండైంగ్ బయల్దేరాను.

గుమ్మం దగ్గర

మార్కెట్టు వెనక, నదికి దగ్గరలో పాత చెక్క ఇల్లు. మెట్లెక్కితే గుమ్మం. గుమ్మం పక్కన చెప్పుల వరస. అన్నాళ్లూ మా మాటలు టీ దుకాణంలోనే సాగాయి కాబట్టి ఆ ఇంటికి నేను వెళ్లడం అదే మొదలు. వంగి చెప్పు విప్పుతున్నాను. నా ఎడమ చెప్పు బకిల్ ఎప్పుడూ మొరాయిస్తుంది. దానితో తంటాలు పడుతూ తల తిప్పితే, గోడ మీద నా కళ్లకి ఎదురుగా ఆ పాదాలు.

ఫోటోలో చూసినదానికీ దీనికీ పోలికే లేదు. అసలు మనిషి పాదాలంత ఉన్నాయి. మడమల పగుళ్లలో రేవు మట్టి ఉంది. బల్లని పట్టుకోవడానికి బొటనవేలు వంగిన తీరు చూస్తే నా వేలు కూడా చెప్పులోనే వంగింది. బకిల్ సంగతి మరిచిపోయాను.

లోపల అత్తా మావయ్యా ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు. మాటలన్నీ నా మీదుగా నడిచాయి. చక్కెర లేని టీ తాగుతాడేమో మీ మావయ్యని అడుగు అని ఆవిడ. దాన్ని టీ అనరని మీ అత్తకి చెప్పు అని ఆయన. గోడ మీద వరసగా పగోడాలు. వాటి పైన ఇంటి కప్పు తప్ప ఏమీ లేదు.

కాసేపయ్యాక, పాదాల బొమ్మని చెప్పుల దగ్గర ఎవరు తగిలించారని అడిగాను.

"నానే" అంది అత్త.

"పయా ఉన్న గదిలో వద్దని" అన్నాడు మావయ్య నా వైపు చూస్తూ. "మా అయ్యని తీసికెళ్లి చెప్పుల కాడ ఎట్టింది. ఊరుకున్నాను. ఏటి సేస్తాను?"

అత్త ఆ రోజు మొదటిసారి ఆయన వైపు తిరిగింది.

"అలాగని నాను సెప్పినానా?"

"సెప్పాలేటి? తెలీదా?"

"ఏటి తెలుసు నీకు?" అంది. "ఈ ఇంట్లోకి ఎవుడొచ్చినా చెప్పు ఇప్పాల. ఇప్పితే తల ఒంగుతాది. వార్డు ఆఫీసరొచ్చినా, బొమ్మలు కొనడానికి కారులో వచ్చినోడొచ్చినా, మా మామ ముందు తల ఒంచినాకే లోపలికి. అందుకని అక్కడెట్టినాను. ఎత్తు కూడా నానే సూసి ఎట్టినాను."

మావయ్య గుమ్మం వైపు తిరిగి చూశాడు.

"ఇన్నాళ్లూ సెప్పలేదేటే?"

"బొమ్మలేసీవోడివి. సూసుంటావనుకున్నాను."

నేను టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. అలాంటప్పుడు పరాయివాడు చెయ్యగలిగింది అదొక్కటే. కాని నా బుర్ర అప్పటికే పని మొదలుపెట్టింది. ఆ ఇంట్లో పాదాలే మొదట కనిపిస్తాయి. అయినా పగోడాకి పైన లేవు. ఎందుకంటే గుమ్మం వేరు, గది వేరు. నేను రెండింటినీ ఒకే గోడ మీద ఇరికించడానికి ఇన్నాళ్లు కొలతలు తీశాను. ఎక్కడ తగిలిస్తారన్న ఊ చో ప్రశ్నకి జవాబు ఆవిడ ఎప్పుడో గోడకి మేకు కొట్టి చెప్పేసింది. నేను చూడటానికి రాలేదు, అంతే.

పేజీ

మొదటి పేజీలో పాదాలు తప్ప ఇంకే బొమ్మా పెట్టలేదు. పేరు లేదు, వరసగా బొత్తాలు లేవు. కింద ఒక్క వాక్యం, బర్మీస్‌లోనూ తెలుగులోనూ: చెప్పులు ఇక్కడ విడవండి. దాని మీద వేలు పెడితే లోపలి పేజీ తెరుచుకుంటుంది. అందులో అన్నిటికంటే పైన ఉదయం ఎండలో పగోడా.

ఇలాంటి గుమ్మం పేజీలు ఒకప్పుడు మా పనిలో పెద్ద ఫ్యాషను. అవి దండగ అని నేనే అందరికీ చెప్పేవాణ్ణి. ఒక నొక్కు ఎక్కువైతే కొందరు అక్కడి నుంచే వెనక్కి పోతారు. ఈ సంగతి మావయ్యకి ముందే చెప్పాను.

"చెప్పు ఇప్పలేనోడు లోపలికొచ్చి ఏటి సూస్తాడు? పోనీ" అన్నాడు.

అత్త తన ఫోనులో తెరిచి పరీక్ష చేసింది. లోపలికి వెళ్లి బొటనవేలితో పేజీని కిందికి లాగింది. మళ్లీ లాగింది. పగోడా పైన ఏమైనా దాక్కుందేమోనని పదే పదే లాగి చూసింది. పేజీ కదల్లేదు. పైన ఏమీ లేదని నమ్మకం కుదిరాక ఫోను పక్కన పెట్టి నాకు అన్నం వడ్డించింది. ఇన్నేళ్లలో నా పనిని అంత కచ్చితంగా పరీక్షించిన ఇంజనీరుని నేను చూడలేదు. నెలాఖరుకి పాత సైటు పోయింది. కొత్తది నిలబడింది.

కొత్తగా వస్తున్నవాళ్లకి నేను చెప్పగలిగింది పెద్దగా లేదు. చిత్రకారుడి వెబ్‌సైటు చెయ్యాల్సి వస్తే ఫోటోలు తెప్పించుకుని కూర్చోకండి. ఆ ఇంటికి వెళ్లండి. ఏ బొమ్మ ఎక్కడ ఉందో, ఎంత ఎత్తులో ఉందో, ఎవరు తగిలించారో అడగండి. తిండి పెడితే తినండి. పెద్ద తెరను నమ్మకండి. భార్యాభర్తలిద్దరూ యజమానులైన పనికి గడువు రెండింతలు చెప్పండి. వాళ్లిద్దరూ న్యాయమే మాట్లాడుతున్నట్టయితే మూడింతలు చెప్పండి.

దుకాణం సామాను సర్దుతుండగా అత్త నుంచి మళ్లీ ఫోను వచ్చింది.

"కో సూరీ, మా మామ వేలు కోసీసినావేటి?"

ఆవిడ పాత ఫోను తెర ఇరుకు. కుడి పాదం చిటికెనవేలు అంచు అవతలికి పోయింది. అప్పటికే కట్టేసిన కంప్యూటరు డబ్బా విప్పి, మళ్లీ తీగలు తగిలించి, ఎంత ఇరుకు తెరలోనైనా బొమ్మ మొత్తం పట్టేలా సరిచేశాను. అదే నేను ఉద్యోగంలో చేసిన ఆఖరి కొలత. ఇప్పుడు చూడమన్నాను.

ఫోనులో అత్త బర్మీస్‌లో ఒక్కో వేలూ లెక్కపెట్టడం వినిపించింది. ఐదు దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, రెండో పాదం మొదలుపెట్టింది. ఆవిడ వెనక మావయ్య తెలుగులో లెక్కపెడుతున్నాడు, కావాలనే ఒక అంకె వెనకబడి, ఆవిణ్ణి తికమక పెడదామని. ఆవిడ తికమకపడలేదు. పది అన్నాక, ఇంకా పెద్దది చెయ్యగలవేమో చూడమంది.